బొమ్మల బల్ల బేరం

తిరుత్తణి బజారులో మాది ఇత్తడి సామాన్ల అంగడి. ఒక పక్క బియ్యం అంగడి, ఇంకో పక్క నూలు అంగడి. వస్తువు ఎంత నచ్చితే దాన్ని అంతగా తిట్టాలన్నది నేను బడికి పోకముందే నేర్చుకున్న చదువు. ముప్పై ఏళ్లొచ్చేదాకా ఆ చదువు నాకు అన్నం పెట్టింది. తర్వాత ఒకసారి కొంప ముంచింది.

కొండ కింది వీధిలో ఒక చిత్రకారుడి ఇల్లుండేది. మా తాతల కాలం మనిషి. దేవుళ్ల పటాలు వేసేవాడు, నేతవాళ్లకు చీర అంచుల నమూనాలు గీసిచ్చేవాడు. ఆయన పోయిన చాలా ఏళ్లకు, ఎనభైల మొదట్లో, ఇల్లు పడిపోకముందే నిలబెట్టి, ఆయన బొమ్మలను అక్కడే జనానికి చూపించాలని అంగళ్లవాళ్లం, నేతవాళ్లం కలిసి ఒక చిన్న ధర్మసంఘం పెట్టుకున్నాం. ఒకరు సున్నం ఇచ్చారు, ఒకరు పెంకులిచ్చారు. నేతవాళ్లు పటాలకు దుమ్ము పట్టకుండా ముతక గుడ్డ నేసిచ్చారు. నేనిచ్చింది నా నోరు. ఏం కొనాలన్నా నన్నే ముందుకు తోసేవారు.

ఆయన భార్య వెనక గదిలో ఉండేది. అందరికీ అవ్వే. ఆడికృత్తిక పండక్కి కొండ మీది స్వామికి కావడులెత్తుకొని వచ్చే జనానికి ఇల్లు చూపించాలని మా ఆశ. ఇంకా పదిరోజులు ఉందనగా అవ్వ అడ్డం తిరిగింది.

"బొమ్మలు యాడ కావాల్నో ఆడ తగిలించుకోండి నాయనా. ఆయన బల్ల లేకుండా మాత్రం తలుపు తీసేదానికి నేను ఒప్పను. ఆయన యాడ కూర్చోని బొమ్మలేసినాడని అడిగితే ఉత్త నేల చూపించేదా?"

ఇల్లు గడవని రోజుల్లో ఆ బల్లను ఆమే అమ్మేసింది. కొన్నవాడు తిరువళ్లూరు నుంచి బండి తోలుకొచ్చే పాత సామాన్ల వ్యాపారి.

"ఇన్నేండ్లు వాని దగ్గర ఉంటాదా అవ్వా?" అన్నాను.

"అంత రంగు పట్టిన బల్లను ఎవురు కొంటారు? ఉంటాదిలే."

బియ్యం అంగడి మామ నా భుజం తట్టాడు. "నువ్వు పోయిరారా. నీ నోటికి జడిసి వాడే రైలు చార్జీ ఇచ్చి పంపిస్తాడు."

ఆ మాటకు ఉబ్బిపోయి మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. బోణీ వేళకు పోతే ధర తగ్గుతుందని నా లెక్క. తిరువళ్లూరులో అతని అంగడి మూలన బల్ల కనబడింది. మోకాలెత్తు ఉంది. పైనంతా ఎరుపు, పసుపు, నీలం పొరలు పొరలుగా ఎండి ఉన్నాయి. ఎడమ పక్క, ఏళ్ల తరబడి మోచెయ్యి ఆనిన చోట, చిన్న గుంత. నా గుండె ఝల్లుమంది. ముఖం మాత్రం వేపాకు నమిలినవాడిలా పెట్టాను.

"ఏందన్నా ఇది? చూస్తానే కడుపులో తిప్పుతాంది."

"టేకు చెక్క సామీ."

"టేకైతే ఏంది, ఈ మురికి చూడు. నున్నగా ఉంటే పిల్లోళ్లు రాసుకునేదానికైనా పనికొచ్చును."

అతనొక ధర చెప్పాడు. నేను అందులో మూడో వంతు చెప్పాను. అతను నవ్వాడు. నేను వెనక్కి తిరిగి నడిచాను. ఏడు అడుగుల్లోపల అమ్మేవాడు పిలవాలి, మా బజారు పద్ధతి అది. ఏడు అడుగులయ్యాయి. వీధి చివర టీ కూడా తాగాను. పిలుపు రాలేదు. తిరిగిపోతే అంగడివాడి బిడ్డకు పరువు తక్కువ. సరే, రెండు రోజులు ఊరనిద్దాం అనుకొని రైలెక్కి, దారిలో కడంబత్తూరు స్టేషను దాటేదాకా నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడోరోజు పోయేసరికి మూలన బల్ల లేదు. అంగడి వెనక నుంచి చిత్రిక పడుతున్న చప్పుడు వస్తోంది. వెళ్లి చూస్తే నేలంతా రంగురంగుల చెక్కపొట్టు. వడ్రంగి ముందు నా బల్ల, నున్నగా, పెళ్లికొడుకులాగా.

"రా సామీ," అన్నాడు వ్యాపారి, ముఖం వెలిగిపోతుంటే. "నువ్వు చెప్పింది నిజమే. మురికి చూసి ఎవురు కొంటారు? అంతా గీకిచ్చేసినాను."

చిత్రిక అందని ఆ గుంతలో మాత్రం అరచేయంత నీలం మిగిలి ఉంది. నా చూపు అక్కడే ఆగడం అతను గమనించాడు.

"అదొక్కటే రాలేదు. ఉలితో చెక్కేసి లక్కతో పూడ్చేస్తాడు, కొంచెం నిలుచుకో."

వడ్రంగి ఉలి తీశాడు. నేను "వద్దు, ముట్టుకోవద్దు" అని అరిచి రెండు చేతులూ గుంత మీద కప్పేశాను.

వ్యాపారి నా చేతుల వైపు చూశాడు, తర్వాత ముఖం వైపు చూశాడు. వడ్రంగిని ఉలి దించమన్నాడు.

"ఓ, అట్లనా," అన్నాడు నిదానంగా.

ఆ తర్వాత బేరమన్నది లేదు. మొదటి ధర మీద వడ్రంగి కూలి, దాని మీద వడ్రంగి టీ. కట్టడానికి తాడు కూడా కొనిపించాడు. రంగుల పొట్టును నేను తువాలులోకి ఎత్తుకుంటుంటే మాత్రం, "అది ఊరికే తీసుకో సామీ, పాపం," అన్నాడు.

అవ్వ ముందు బల్ల దించి, దాన్ని నున్నగా చేయమని సలహా ఇచ్చినవాణ్ణి నేనే అని కూడా దాచకుండా చెప్పేశాను. మామ తల పట్టుకున్నాడు. అవ్వ నున్నటి చెక్కను అరచేత్తో నిమురుకుంటూ పోయి గుంత దగ్గర ఆగింది. తన మోచెయ్యి అందులో పెట్టి చూసింది. ఆమె మోచేతికి గుంత పెద్దదైంది.

"ఇది నెమలి మెడకని కలిపిన నీలం," అంది. తలెత్తి, "ఎంతకిచ్చినాడు?" అని అడిగింది.

కొన్న ధరను ఉన్నదున్నట్టు బయటపెట్టడం నా బతుకులో అదే మొదటిసారి.

"నా దగ్గర కొనేటప్పుడు వాడూ ఇట్లనే తిట్టినాడు, రంగు బల్ల, పొయ్యిలోకి కూడా పనికిరాదని," అంది అవ్వ. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. "తిట్టి కొనేవాడు, నువ్వు తిడితే నమ్మినాడే! సరే, తలుపులు తెరవండి. బల్ల ఎందుకింత నున్నగా ఉండాదని అడిగినోళ్లకు మాత్రం నువ్వే కూర్చోని చెప్పల్ల."

ఆడికృత్తిక నాడు బల్ల పక్కన కూర్చున్నాను. పసుపు బట్టల్లో వచ్చినవాళ్లకు తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి నా తెలివి గురించి చెప్పుకున్నాను. బొమ్మల ముందు నిలబడినంతసేపూ నా ముందూ నిలబడ్డారు. మధ్యాహ్నానికి కాస్త ధైర్యం వచ్చి, కొన్న ధరను కొంచెం తగ్గించి చెప్పాను.

"అంతకు కాదు," అంది అవ్వ లోపలి గడప మీద నుంచి. "వాళ్లకు సరిగ్గా చెప్పు నాయనా."