కాళ్లు చాపుకునే చోటు

ఆ రోజుల్లో బస్సు సీట్లు మోకాళ్లు లేనివాళ్ల కోసం చేసేవారు. నాకు రెండున్నాయి, అవీ పొడవు. జగ్గయ్యపేటలో బస్సు తప్పిపోయి నిలబడి ఉంటే, వీధిలో సగం పొడవున్న కారొకటి వచ్చి ఆగింది.

"నందిగామేనా? ఎక్కండి, డబ్బులొద్దు," అన్నాడు డ్రైవరు.

పాత కారును మధ్యకు కోసి, నాలుగడుగుల రేకు అతికించాడట. హాయిగా కాళ్లు చాపి, ఇంత చోటెందుకని అడిగాను.

"పడుకోబెట్టాలి కదండీ. బెజవాడ ఆసుపత్రి నుంచి శవాలను ఊళ్లకు తోలేవాణ్ణి."

నా కాళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి.

"ఇకనుంచి పెళ్లిళ్లకే తిప్పుదామని. ఇవాళ నందిగామలో పెళ్లివారు బండి చూస్తారండి. పాత సంగతి వాళ్ల చెవిన పడింది. ఈ బేరం పోతే బండిని పాత ఇనుముకు ఇచ్చెయ్యడమే. ఇందులోంచి ప్రాణంతో ఒకళ్లు దిగడం వాళ్లు చూడాలి. తమరు కాస్త నవ్వుతూ దిగండి, చాలు."

నందిగామ సెంటర్లో పెళ్లికూతురి తండ్రి చుట్టాలతో సహా నిలబడి ఉన్నాడు. డ్రైవరు వెనక తలుపు తీసి, పెళ్లికొడుకును దించినట్టు నన్ను దించాడు. చేతనైనంత నవ్వాను. ఇప్పటికీ ఫోటోకు నవ్వమంటే ఆ డ్రైవరే గుర్తొస్తాడు.

పెద్దాయన నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి, డ్రైవరు వైపు తిరిగాడు.

"దిగితే దిగాడు గానీ, ఈయన బతికున్నట్టు నాకు నమ్మకం కుదరట్లేదయ్యా."