తల్లి పక్కన బెంచీ

ఫోన్లో నేను అన్న రెండు మాటలు ఏడేళ్లుగా నా మీద బరువుగా కూర్చున్నాయి. ఎవరితోనూ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీతో చెబుతున్నాను.

నేను స్కాన్లు చదివే డాక్టరును. అప్పట్లో ఆదోనిలో ఒక స్కానింగ్ సెంటర్లో పని. నాకన్నా మూడేళ్లు చిన్నదైన డాక్టరమ్మాయి ఒకతె వచ్చి చేరింది. మాబున్ని అందాం. ఎమ్మిగనూరు పిల్ల, వాళ్ల నాన్న పరుపులు కుట్టేవాడు. ఆ పిల్లకో అలవాటు. పసివాళ్ల స్కాన్ వస్తే నేరుగా కంప్యూటర్ ముందు కూర్చోదు. బయటికి పోయి తల్లి పక్కన బెంచీ మీద కూర్చుంటుంది. మెడ ఎప్పుడు నిలిపాడు, ఏ చేత్తో గిన్నె పట్టుకుంటాడు, ఫిట్స్ వచ్చినప్పుడు మూతి ఎటు లాగుతుంది, అన్నీ అడిగి అప్పుడు లోపలికి వస్తుంది. నేను నాలుగు స్కాన్లు ముగించేసరికి ఆమెది ఒకటి అయ్యేది.

కానీ నేను ఏమీ లేదని రాసిన మెదడులో ఆమెకు మచ్చ కనిపించేది. ఎవరికీ తెలియకుండా నా దగ్గరికొచ్చి, నా రిపోర్టు నాచేతే దిద్దించేది. అందుకు సంతోషించాలి కదా? నాకు ఒళ్లు మండేది. ఆ చూపు నాకెందుకు లేదు?

పిల్లల మెదడు స్కాన్లు చదవడానికే ప్రత్యేకంగా ఏడాది శిక్షణ ఉంది. ఫెలోషిప్ అంటారు. పెద్ద నగరంలో ఒక ఆసుపత్రిలో ఏటా ఒకటే సీటు. నేను రెండుసార్లు ప్రయత్నించాను, రాలేదు. ఆ ఏడు మాబున్ని దరఖాస్తు పెట్టింది. తన పని గురించి చెప్పగల సీనియరుగా నా పేరే ఇచ్చింది. అక్కడి పెద్ద డాక్టరు ఫోన్ చేసి, అమ్మాయి పని ఎలా ఉంటుందని అడిగారు.

"మంచి పిల్ల సార్. కాస్త నిదానం," అన్నాను.

ఆయన ఊ కొట్టారు. అక్కడ ఆగిపోవచ్చు. ఆగలేదు. "తల్లి చెబితే తప్ప స్కాన్లో తనంతట తాను ఏదీ కనిపెట్టలేదు," అన్నాను.

నిదానం అన్నది నిజమే. ఇన్నాళ్లూ దాని చాటునే దాక్కున్నాను. రెండోది పచ్చి అబద్ధమని, ఆమె దిద్దించిన నా రిపోర్టులన్నీ కళ్ల ముందు ఉండగానే అన్నానని ఒప్పుకోవడానికి ఇంతకాలం పట్టింది.

ఆమెకు సీటు రాలేదు. తెలిసిన రోజు ఇంటి నుంచి బొరుగుల ఉగ్గాని చేసి తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వు మంచిగానే సెప్పింటావు లేక్కా. ఆయప్పకే నేను నచ్చలేదేమో," అంది. "వచ్చే ఏడు నువ్వు రాయి. నీకొస్తాది."

"చూద్దాంలే. ముందు తిను," అన్నాను.

మరుసటేడు వాళ్ల నాన్న మంచాన పడ్డాడు. ఆమె ఎమ్మిగనూరు వదిలి పోలేక మళ్లీ దరఖాస్తు పెట్టలేదు. నేను పెట్టాను, సీటు వచ్చింది. చేరిన వారంలోనే ఆ పెద్ద డాక్టరు నన్ను కంప్యూటర్ ముందు నుంచి లేపి, "ముందు పోయి తల్లిని అడిగి రండమ్మా," అన్నారు. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. పోయి బెంచీ మీద కూర్చున్నాను.

ఇప్పుడు ఆదోనిలో నా పేరు కింద ఆ శిక్షణ పేరు కూడా రాసి ఉంటుంది. చిక్కైన స్కాన్లు మాబున్ని ఎమ్మిగనూరు నుంచి నాకే పంపుతుంది. పోయిన వారం హాలహర్వి అనే ఊరి పాప స్కాన్ పంపింది. దానితో పాటు ఒక చీటీ. "ఎడమ చేత్తో గ్లాసు జారిడుస్తాందంట అక్కా, నెల నుంచి. నాకు కుడిపక్క ఏదో అనుమానం. నువ్వు సదివినదానివి, చూసి సెప్పు."

ఎడమ చేతిని ఆడించేది మెదడు కుడిపక్కే. అక్కడ చూశాను. ఉంది. చీటీ లేకపోతే నాకు కనిపించేది కాదు. సిగ్గు వేసిందా? వేసింది. దానికన్నా ముందు అసూయ వచ్చింది, ఏడేళ్ల కిందటి అసూయే.

రిపోర్టు రాసి సంతకం పెట్టాను. రిపోర్టు కోసం వచ్చిన పాప తండ్రి నాకు దండం పెట్టి పోయాడు.

మాబున్నికి చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. ఆ సీటు ఆమెది. ఈ మాట రాయగలిగాను, ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.