తగిలీ తగలని చోటు

మా పెళ్ళయ్యేనాటికి ఆయన ఒక పెద్ద కర్మాగారంలో డిజైన్ విభాగంలో పనిచేసేవారు. ఏడాది తిరక్కుండానే ఆ ఉద్యోగం మానేసి, ఇంట్లో కూర్చుని ఒక కంప్యూటరు ప్రోగ్రాం రాస్తానన్నారు. తొంభైల మొదట్లో ఆ మాట వినడానికే వింతగా ఉండేది. మా అత్త అయితే చాలాకాలం, అడిగినవాళ్ళందరికీ కొడుకు సెలవు పెట్టాడనే చెప్పుకుంటూ వచ్చింది.

నేను నెల్లూరు పిల్లను. ఆయనవాళ్ళు తరాలుగా బెంగుళూరులో స్థిరపడ్డ నేతవాళ్ళు. కబ్బన్‌పేటలో ఇల్లు. మగ్గాలు మా మామగారితోనే ఆగిపోయాయి. అవి తీసేయగా ఖాళీ అయిన ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని ఆయన పని మొదలుపెట్టారు. పక్క సందులో మరమగ్గాల చప్పుడు తెల్లారినప్పటి నుంచీ వినిపిస్తూనే ఉండేది. ఆయనకది అలవాటు. ఆదివారం అవి ఆగితేనే పని సాగదని విసుక్కునేవారు.

కొడుకు ఏం చేస్తున్నాడో మా అత్తకు అర్థం కాలేదు. ఒకరోజు ఆయన వంటింట్లోకి వచ్చి పొడుగు గరిటె చేతికి తీసుకున్నారు.

"అమ్మా, దీంతో గట్టి సంగటి కెలికితే ఇది యాడ వంగుతాది?"

ఆమె గరిటె మెడ దగ్గర వేలు పెట్టి చూపించింది.

"యాడ వంగుతాదో, యాడ విరుగుతాదో, వస్తువు చేయకముందే లెక్కేసి చెప్పే ప్రోగ్రాం రాస్తా ఉండాను."

"దానికి ఉద్యోగం యాల మానాలప్పా? నన్నడిగితే చెప్పనా?" అంది ఆమె. ముగ్గురం నవ్వుకున్నాం.

చెప్పుకోవడానికి అంత తేలిగ్గా ఉన్నా, పని అంత తేలికది కాదు. యంత్రభాగం బొమ్మను చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టాలి. బరువు పడితే ఒక్కో ముక్క ఎంత సాగుతుందో, ఎంత నలుగుతుందో సమీకరణాలు రాయాలి. అన్నిటినీ ఒకదానికొకటి ముడివేసి ఒకేసారి విప్పాలి. అలాంటి ప్రోగ్రాములు విదేశాల నుంచి వచ్చేవి. వాటిని కొనే స్తోమత పెద్ద కంపెనీలకే ఉండేది. పీణ్య పారిశ్రామికవాడలో చిన్న షెడ్లలో రేకులు నొక్కే ప్రెస్సులు, క్రేన్లు చేసేవాళ్ళ కోసం ఆయన రాయాలనుకున్నారు. నేను లెక్కల్లో ఎమ్మెస్సీ చేశాను. లెక్కలు విప్పే భాగం ఆయనది. వచ్చిన జవాబులను తెరమీద రంగుల్లో చూపించే భాగం నాది. నీలం ఉన్నచోట భయం లేదు, ఎరుపు ఉన్నచోట జాగ్రత్తపడాలి. మొదటిసారి ఒక ప్రెస్సు బొమ్మ మీద రంగులు సరిగ్గా పరుచుకున్న రోజున ఆయన నన్ను గాంధీబజారుకు తీసుకెళ్ళి దోసె తినిపించారు. మాకు తెలిసిన పండగ అంతే.

మొదట కొన్నది పీణ్యలో ప్రెస్సులు తయారుచేసే ఒక హిందూపురం ఆయన. ఆయన ప్రెస్సుల్లో ఒకటి మాటిమాటికీ ఒకేచోట బీటలిస్తూ ఉండేది. మా ప్రోగ్రాం సరిగ్గా ఆ మూలనే ఎర్రగా చూపించింది. ఆ మూలను కొంచెం గుండ్రంగా తిప్పి, రేకు మందం పెంచాక బీటలు ఆగాయి. ఆయన తన పక్క షెడ్డువాళ్ళకు చెప్పాడు, వాళ్ళు ఇంకొకరికి చెప్పారు. కొన్నేళ్ళు మేం బాగానే బతికాం. ఫోనులో ఎవరైనా అడిగితే మా అత్త, "నా కొడుకు ప్రోగ్రాం కోసరమా? ఉండండి, పిలుస్తాను" అని గట్టిగా అనేది.

తరువాత మా ఆయన కాళ్ళు వాచడం మొదలైంది. చెప్పులు బిగుతయ్యాయని కొత్తవి కొనుక్కున్నారు. పరీక్షలు చేయిస్తే రెండు కిడ్నీలూ చెడిపోయాయన్నారు. నా కిడ్నీ ఇద్దామంటే నా రక్తం ఆయనకు సరిపడలేదు. అత్తకు చక్కెర జబ్బు, ఆమె ఇస్తానన్నా డాక్టర్లు వద్దన్నారు. అలా వారం వారం డయాలసిస్ మొదలైంది.

యంత్రానికి కట్టేసినంతసేపు ఆయన ఎడమచేయి కదపకూడదు. చలి వేసేది. ఇంట్లో నేసిన పాత గళ్ళ దుప్పటి తీసుకెళ్ళి కప్పేదాన్ని. ఒకరోజు, కళ్ళు మూసుకుని పడుకున్నారనుకున్న మనిషి, "నీకు నా భాగం నేర్పాల" అన్నారు.

"ఇప్పుడెందుకండీ, ఇంటికెళ్ళాక చూద్దాం."

"ఇంట్లో నువ్వు పనిలో పడతావు. ఈడైతే నువ్వూ యాడికీ పోలేవు, నేనూ పోలేను."

అలా మొదలైంది. కుడిచేతి వేలితో దుప్పటి గళ్ళ మీదే చూపించేవారు. "ఒక్కో గడిలో ఒక్కో అంకె అనుకో. మూల నుంచి మూలకు ఈ వాలున ఉన్న గళ్ళల్లోనే అంకెలుంటాయి. తక్కినవన్నీ సున్నాలు. సున్నాలను దాచిపెట్టుకుంటే కంప్యూటరుకు చోటు చాలదు. అందుకని ఈ వాలునే పట్టుకోవాల." నేను ఆ వాలు వెంబడి వేలు జరుపుతూ వినేదాన్ని. అడిగింది చెప్పలేకపోతే కోప్పడేవారు. నర్సు వచ్చి, ఇక్కడ కూడా పాఠాలేనా అని కన్నడంలో అడిగి నవ్వేది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నాతో అంత సేపు, అంత ఓపిగ్గా మాట్లాడింది ఆ మంచం పక్కనే.

అన్నీ నేర్పారు, ఒక్కటి తప్ప. రెండు భాగాలు ఒకదాన్నొకటి తాకేచోటు లెక్క. రంధ్రంలో బిగించిన పిన్ను ఉంటుంది. బరువు పడితే అది ఒకవైపు ఆనుకుంటుంది, రెండోవైపు వదులవుతుంది. ఎక్కడ తగిలిందో, ఎక్కడ తగల్లేదో ప్రోగ్రామే కనిపెట్టాలి. ఆయన రాసిన దానిలో కొన్ని ముక్కలు ఒకసారి తగిలాయనేది, మరుసటిసారి తగల్లేదనేది, మళ్ళీ తగిలాయనేది. లెక్క ఎప్పటికీ తేలేది కాదు.

"అది ఎప్పుడు చెప్తారు?" అని అడిగాను.

"అది సరిగ్గా లేదు. సరిచేసి చెప్తా. తప్పుగా ఉండేదాన్ని నీకు నేర్పి ఏం లాభం?"

నేను మళ్ళీ అడిగినప్పుడల్లా అదే మాట. చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆస్పత్రిలో చేర్చాం. ఆక్సిజన్ మాస్కు తీసి నాతో ఏదో చెప్పబోయారు. దగ్గు తెర అడ్డం వచ్చింది. నర్సు మాస్కు మళ్ళీ పెట్టేసింది. మరునాడు మధ్యాహ్నం, అత్త ఇంటి నుంచి తెచ్చిన గంజి ఇంకా వేడిగా ఉండగానే, పోయారు.

కొన్ని వారాలకు, మా ప్రోగ్రాం మొదట కొన్న పీణ్య ఆయన ఫోన్ చేశాడు. చాలాసేపు నసిగాడు.

"అమ్మా, ఇట్లాంటప్పుడు అడగకూడదు. ఎవురిని అడగాల్నో తెలీక చేస్తా ఉండాను."

"చెప్పండి. నాకు తెలిసినంతలో చూస్తాను" అన్నాను. గోడకు ఆనుకుని కూర్చున్న అత్త నావైపే చూస్తోంది. ఆ మరునాడే పీణ్య బస్సెక్కాను.

షెడ్డులో నూనె వాసన, గ్రైండర్ల రొద. ఆయన కొత్త ప్రెస్సులో పిన్నుతో బిగించే లింకు అనే కడ్డీ ఒకటి ఉంది. లెక్క పెడితే ప్రోగ్రాం ఆగకుండా తిరుగుతూనే ఉంది. చూడగానే నాకు తెలిసిపోయింది. ఇది మా ఆయన నేర్పకుండా పోయిన చోటే.

ఇంటికొచ్చి దాని మీద కూర్చున్నాను. ఆయన రాసిన వరసలు చదువుతూ ఉంటే ఆయన ఎలా ఆలోచించారో తెలిసేది. ఒకచోట ఒక దారిన వెళ్ళి, కుదరక దాన్ని కొట్టేసి, ఇంకో దారిన వెళ్ళారు. ఆ దారి కూడా మధ్యలోనే ఆగిపోయింది. నేను ఆగినచోటు నుంచి ముందుకు పోబోతే మళ్ళీ అదే ఊగిసలాట. నెలలు గడిచాయి. చివరికి పీణ్య వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను.

"అన్నా, ఈ లెక్కకు మా ప్రోగ్రాం పనికిరాదు. దీన్ని నమ్మి లింకు చేయకండి. తక్కినవాటికి వాడుకోండి."

"మీ ఆయన ఉన్నింటే..." అని ఆగిపోయాడు. తరువాత కాఫీ తెప్పించాడు. 

ఆయన మంచివాడు. ఆ తరువాత కూడా కొన్నేళ్ళు మా ప్రోగ్రామే వాడాడు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. కొత్త కంప్యూటర్లలో అది సరిగా నడిచేది కాదు. విదేశీ ప్యాకేజీల ధరలు కూడా దిగొచ్చాయి. రెండువేల సంవత్సరం దాటాక ఒకరోజు పీణ్య ఆయనే ఇంటికి వచ్చాడు.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు. మా దగ్గర ప్రెస్సులు కొనే కార్ల కంపెనీవాళ్ళు రిపోర్టు మీద విదేశీ ప్యాకేజీ పేరు ఉంటేనే ఒప్పుకుంటా ఉండారు. కొనక తప్పలేదు."

"తప్పేముందన్నా" అన్నాను.

ఆ ప్యాకేజీ అమ్మినవాళ్ళకు తెలిసిన ఒక ఆఫీసు ఊరి చివర బ్రూక్‌ఫీల్డ్‌లో ఉందనీ, ఇలాంటి లెక్కలు చేసేవాళ్ళు కావాలంటున్నారనీ కూడా ఆయనే చెప్పాడు. అలా నలభైకి దగ్గరపడుతూ ఉద్యోగంలో చేరాను. నా పక్కన కూర్చునేవాళ్ళంతా నాకంటే చాలా చిన్నవాళ్ళు. అందులో సగం మంది తెలుగువాళ్ళే. కె.ఆర్.పురం దగ్గర బస్సు ఇరుక్కుపోతే ఆలస్యమయ్యేది. వాళ్ళు నన్ను ఏమీ అనేవాళ్ళు కాదు.

చేరిన కొత్తలో ఒక బ్రేకు పెడల్ లెక్క నాకిచ్చారు. అందులోనూ పిన్ను ఉంది. ఎలా చేయాలని పక్కనున్న అమ్మాయిని అడిగాను.

"సింపుల్ మేడం. ఈ రెండు సర్ఫేసెస్ సెలెక్ట్ చేసి, ఇక్కడ టిక్ పెట్టండి. మిగతాదంతా అదే చూసుకుంటుంది."

టిక్కు పెట్టాను. మంచినీళ్ళు తాగి వచ్చేలోపు జవాబు వచ్చింది. పిన్ను ఒకవైపు ఆనుకుంది, రెండోవైపు వదులైంది. రంగులు చక్కగా పరుచుకున్నాయి. లేచి బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. ఆయన ఓడిపోయారని కాదు. ఇది ఇలా తేలుతుందని ఆయనకు చెప్పాలనిపించింది, చెప్పడానికి ఆయన లేరు.

కళ్ళు కడుక్కుని వచ్చాక ఆ ప్యాకేజీతో వచ్చిన లావాటి పుస్తకం తీసి, దాని వెనకాల ఏముందో చదివాను. వాళ్ళు చేసింది అంత పెద్ద విషయం కాదు. రెండు ముక్కల మధ్య ఉన్నదీ లేనిదీ తెలియనంత సందుంటే దాన్ని తగిలినట్టే లెక్కవేసుకున్నారు. దాంతో ఊగిసలాట ఆగిపోయింది. ఆయనా ఆ దారిలోనే వెళ్తూ ఆగిపోయారు.

ఆ ఆదివారం మరమగ్గాలు ఆగి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. పాత కంప్యూటరు తెరిచి, ఆయన ఆపినచోట ఆ ఉపాయాన్ని నాలుగు వరసల్లో రాశాను. పీణ్య ఆయన లింకు బొమ్మే పెట్టి చూశాను. కాసేపు తిరిగింది. తేలింది.

వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్త తొంగిచూసింది.

"ఏమైందమ్మా, అట్ల కూర్చోనుండావు?"

"ఆయన వదిలేసిన లెక్క ఒకటి తేలింది అత్తా."

"అవునా!" ఆమె ముఖం విప్పారింది. "ఆ పీణ్య ఆయప్పకు ఫోన్ చెయ్యి మరి. పాపం, ఎన్నిమార్లు అడిగినాడో."

"ఆయన ఇప్పుడు మనది వాడడంలేదత్తా."

"తక్కినోళ్ళు?"

ఆ సంగతి ఇన్నాళ్ళూ ఆమెకు చెప్పలేదు. ఇంక దాచలేకపోయాను.

"ఎవరూ వాడడంలేదు."

 ఆమె ఒడిలో ఉన్న కాయలు గిన్నెలోకి వంచి, నా పక్కకు వచ్చి కూర్చుని, తెరమీద రంగులకేసి చాలాసేపు చూసింది. ఆ బొమ్మ ఏమిటో ఆమెకు తెలియదు.

"ఈ నీలమంతా బాగుండేదే కదా?" అంది.

"అవునత్తా. బాగున్నట్టే."