గోడ అవతలి ఆంటీ

శనివారం పొద్దున ఆంటీ వాళ్ళమ్మాయి తానుండే క్యారీ అనే ఊరి నుంచి ఫోన్ చేసింది. ఆమె ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు మాటలు ఒక్కొక్కటే ఏరుకుంటూ మాట్లాడుతుంది. "అమ్మ పోయింది. నిద్రలోనే," అంది. నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. "ఐ యామ్ సారీ," అన్నాను. ఇంగ్లిష్‌లో సంతాపానికీ క్షమాపణకీ ఆ ఒక్క మాటే. ఆమె మొదటి అర్థమే తీసుకుని థాంక్యూ చెప్పింది. ఫోన్ పెట్టేశాక గానీ నేను ఎక్కడ కూర్చున్నానో నాకు తట్టలేదు. ఆ గది ఒకప్పుడు ఆంటీ పడకగది.

మీలో ఎవరికీ ఆమె తెలియదు. అయినా ఆమె గురించి చెప్పాలనుంది. చెబితే నా మనసు కాస్త తేలికపడుతుందన్న స్వార్థం కూడా ఉంది, దాచను.

మాది న్యూయార్క్‌లో క్వీన్స్ వైపు, జాక్సన్ హైట్స్‌. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన బిల్డింగ్. ఎర్ర ఇటుకల ఆరంతస్తులు, మధ్యలో తోట, మందపాటి ప్లాస్టర్ గోడలు, చలికాలంలో బుస్సుమంటూ ఆవిరి వదిలే ఇనుప రేడియేటర్లు. ఇలాంటి వాటిని కో-ఆప్ అంటారు. ఫ్లాట్ కొంటే ఫ్లాట్ మన పేర రాదు, బిల్డింగ్‌లో వాటాలు వస్తాయి. కొనాలన్నా, అమ్మాలన్నా, లోపల ఒక గోడ తీయాలన్నా నివాసులు ఎన్నుకున్న బోర్డు ఒప్పుకోవాలి.

మేం ఒక పడకగది ఫ్లాట్ కొనడానికి వచ్చినప్పుడు ఆ బోర్డు మమ్మల్ని ఇంటర్వ్యూ చేసింది. అందరూ జీతాలు, వీసాలు, అప్పులు అడిగారు. చివర్లో కూర్చున్న నేత చీర పెద్దావిడ మాత్రం, ఉన్నట్టుండి తెలుగులో, "పోపు పెట్టేటప్పుడు కిటికీ తీస్తారా?" అని అడిగింది. మా ఆయన తడబడి, "తీస్తం ఆంటీ," అన్నాడు. ఆవిడ బోర్డు వైపు తిరిగి, అసలైన ప్రశ్న నేనే అడిగాను, పాసయ్యారు అని ఇంగ్లిష్‌లో చెప్పింది. తర్వాతి వారం మమ్మల్ని ఒప్పుకున్నామని కబురొచ్చింది. దిగాక తెలిసింది, ఆవిడది మా పక్క ఫ్లాటేనని. మా హాలుకీ ఆవిడ పడకగదికీ మధ్య ఒక్కటే గోడ.

ఆంటీది కాకినాడ. ఇక్కడి గవర్నమెంట్ హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయింది. అంకుల్ మేం రాకముందే పోయారు. మా కరీంనగర్ మాట విని మొదట్లో నవ్వేది. తర్వాత్తర్వాత నాకంటే ముందే "జర ఆగు" అనేది. చలికాలం వస్తే రేడియేటర్ల మీద పళ్ళేలు పెట్టి చల్లమిరపకాయలు ఎండబెట్టేది. ఆ మజ్జిగ వాసన వరండా అంతా ఉండేది. కింది అంతస్తు బంగ్లాదేశ్ ఆయన అవి అడిగి మరీ పట్టుకెళ్ళేవాడు. సాయంత్రమైతే చక్రాల సంచీ లాక్కుంటూ ముప్ఫైయేడో అవెన్యూ మీదికి బయల్దేరేది. కొలంబియా వాళ్ళ బేకరీలో స్పానిష్, మిఠాయి కొట్లో బెంగాలీ కలిపిన హిందీ, మోమోల బండి దగ్గర వేళ్ళతో బేరం. ఇల్లు చేరేసరికి చీకటి పడేది. సంచీలో ఉన్నది ఒక కొత్తిమీర కట్ట. మరి ఇంతసేపా అంటే, "కొత్తిమీరకి కాదే వెళ్ళింది," అనేది.

మా గ్రీన్‌కార్డ్ సంగతి తలుచుకుని నేను కుములుతుంటే, "ఉడికేదాకా మూత తియ్యకు," అనేది. బోర్డు మీటింగుల్లో జనం నా వాటా, నీ వాటా అని కొట్లాడుకుంటే వచ్చి నాతో, "ఇల్లు కొన్నవాళ్ళది కాదమ్మా, ఊడ్చినవాళ్ళది," అనేది. నాకు ఆఫీస్ కాల్ ఉంటే మా పాపను ఆవిడే చూసుకునేది. పాప ఆవిణ్ణి పక్కింటమ్మమ్మ అనేది.

రెండో కాన్పు అని తెలిశాక మాకు ఇల్లు ఇరుకైంది. న్యూజెర్సీలో ఇళ్ళు చూశాం, అందలేదు. అందినవి రైలుకు దూరం. అదే రోజుల్లో ఆంటీ బాత్‌రూంలో కాలు జారి పడింది. తుంటి ఎముక చిట్లింది. ఆస్పత్రి నుంచి తెచ్చాక రోజూ వెళ్ళి అన్నం పెట్టి వచ్చేదాన్ని. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఒకరోజు మంచం మీద పక్కన కూర్చున్నాను. రాత్రుళ్ళు కాలు ఎలా పీకుతుందో ఆవిడ చెబుతోంది. నేను తలూపుతున్నాను. నా కళ్ళు మాత్రం ఆవిడ భుజం మీదుగా కిటికీ పక్క మూలను చూస్తున్నాయి. అక్కడ పుట్టబోయే బిడ్డకు క్రిబ్ పడుతుందా, పడితే తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా అని చూస్తున్నాయి.

నేను నోరు తెరిచి అడగలేదు, మా ఆయనా అడగలేదు. కూతురు క్యారీ రమ్మని ఎప్పట్నించో పోరుతోంది. ఓ మధ్యాహ్నం చేతికర్ర పట్టుకుని ఆంటీయే మా ఇంటికొచ్చింది. టీ తాగి, గోడ మీద అరచెయ్యి వేసి, "ఇది బరువు మోసే గోడ కాదుట. మా ఆయన ఉన్నప్పుడే కనుక్కున్నారు. తీసేసుకోవచ్చు," అంది. మా ఆయన వద్దన్నాడు, మీరు ఇక్కడే ఉండాలన్నాడు. నేనూ అన్నాను. కానీ నా గొంతులో సంతోషం నాకే వినిపించింది.

ఫ్లాట్ మాకే అమ్మి ఆమె క్యారీ వెళ్ళిన వేసవిలోనే పని మొదలైంది. గోడ ఒక్క పూటలో పడిపోయింది. ప్లాస్టర్ దుమ్ము వారాల తరబడి అన్నంలోకి కూడా వచ్చింది. ఆవిడ వంటిల్లు గోడతో సహా ఊడబీకి పిల్లలకు చదువుకునే చోటు చేశాం. కార్పెట్ కింద చేపముల్లు వరసలో పేర్చిన పాత ఓక్ చెక్క నేల బయటపడింది. పాలిష్ పెట్టిస్తే తేనెలా మెరిసింది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా మీ అదృష్టం అన్నారు. బాబు పుట్టాడు. ఆ ఇంట్లో మేం చాలా సంతోషంగా ఉన్నాం. ఇది చెప్పకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

క్యారీ నుంచి ఆంటీ మొదట్లో వారం వారం ఫోన్ చేసేది. అక్కడ కూతురిది పెద్ద ఇల్లు, వెనక అడవి. కొత్తిమీరకైనా కారు కావాలి. కారు తోలేవాళ్ళు సాయంత్రం దాకా రారు. "చెట్లు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా. మనుషులే కార్లలోంచి చెయ్యి ఊపుతారు," అనేది. ఓసారి, "మిఠాయి కొట్టతను నన్ను అడిగాడా?" అంది. అడిగాడన్నాను. నేను ఆ కొట్టుకు వెళ్ళి నెలవుతోంది. తర్వాత ఫోన్లు తగ్గాయి. బాబు, ఆఫీసు, జ్వరాలు. నేను చేయాల్సిన ఫోన్లు కూడా తగ్గాయి.

పోయిన వసంతంలో కూతురికి ఇక్కడేదో పని పడితే ఆంటీ కూడా వచ్చింది. బాగా చిక్కిపోయింది. ఇల్లంతా తిప్పి చూపించాను. ప్రతిదీ బాగుందంది. పిల్లల చదువుల చోటికి వచ్చాం, అంటే ఆవిడ వంటింట్లోకి. సాయంత్రం వెలుగు తగ్గుతోంది. ఆవిడ నడుస్తూ నడుస్తూ, చూడకుండానే, కుడిచెయ్యి భుజమెత్తున చాపింది. లైటు స్విచ్ కోసం. అక్కడ గోడ లేదు. చెయ్యి గాలిలో ఓ క్షణం అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ చేత్తోనే మా పాప జుట్టు సర్దింది. నేను చూశానని ఆవిడకు తెలుసు. "వెలుతురు బాగా వచ్చిందే," అంది.

కూతురు కారు తేవడానికి వెళ్ళింది. మేమిద్దరమే కూర్చుని ఉన్నాం. నా నోరు ఊరుకోలేదు.

"ఆంటీ, మీరు ఉంటానంటే మేం ఇంకొన్నేళ్ళు ఆగుతుంటిమి," అన్నాను.

"ఆగేవారు కాదు," అంది. కోపం లేదు. "నా మంచం మీద కూర్చుని కళ్ళతో కొలుచుకున్నావు. నేను చూడలేదనుకున్నావా?"

నేను బల్ల మీది పిల్లల పెన్సిళ్ళు ఏరి డబ్బాలో వేయసాగాను.

"నేనూ కొలిచాను. మాకంటే ముందు ఈ ఇంట్లో ఐర్లండు ముసలావిడ ఉండేది. నాకు కడుపుతో ఆరో నెల. ఆవిడ టీ ఇస్తుంటే నేను కర్టెన్లు ఏ రంగువి వెయ్యాలా అని చూస్తున్నాను. తర్వాత ఆవిడ ఏ హోమ్‌లో పోయిందో కూడా కనుక్కోలేదు."

"అయితే తప్పు కాదంటారా?"

ఆంటీ కాస్త ఆలోచించింది. క్లాసులో పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పేముందు కూడా ఇలాగే ఆలోచించేదేమో. "తప్పు కాదని ఎందుకంటాను? తప్పే. అయినా పిల్లలు పెరగాలి కదా," అంది. కర్ర అందుకుని, నా భుజం పట్టుకుని లేచింది.

అదే ఆఖరు చూపు. అలా అన్నంత మాత్రాన నన్ను క్షమించినట్టా, కాదా అని ఇన్ని నెలలుగా తిప్పి తిప్పి చూసుకుంటున్నాను. గుండె అలసిపోయిందని డాక్టర్ చెప్పాడట. ఇక్కడే ఉండి, ఆ సంచీ లాక్కుంటూ రోజూ అవెన్యూ మీదికి వెళ్తుంటే ఇంకొన్నాళ్ళు ఉండేదా? లేక మళ్ళీ బాత్‌రూంలో పడి, ఎవరూ లేనప్పుడు పోయేదా? ఎవరు చెప్పగలరు? మా ఆయన, "మనం ఎల్లగొట్టలేదు కదా," అన్నాడు. నిజమే. వెళ్ళగొట్టలేదు. వెళ్తానంటే దారి ఇచ్చాం, అంతే. ఆ దారి మా ఇల్లయింది.

లిఫ్ట్‌లో మూడో అంతస్తు టిబెట్ అమ్మమ్మ కలిస్తే విషయం చెప్పాను. ఆవిడకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. విని, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. సాయంత్రానికి బిల్డింగంతా తెలిసిపోయింది.

ఆదివారం పొద్దున చెత్త పడేయడానికి తలుపు తీశాను. వరండాలో మా తలుపు పక్కన ఆంటీ తలుపు ఇంకా ఉంది. రెండిళ్ళు కలిపినా వరండా వైపు ఏమీ మార్చకూడదని బోర్డు నియమం. అందుకని తలుపు, దాని మీది నంబరు అలాగే ఉంచి, లోపలి నుంచి మూయించి అల్మరా కట్టించాం. అది ఇక తెరుచుకోదని మాకూ బోర్డుకూ తప్ప ఎవరికీ తెలియదు. దాని గడప దగ్గర బంతిపూలు ఉన్నాయి. గాజు గ్లాసులో కొవ్వొత్తి ఎవరో వెలిగించి వెళ్ళారు. తలుపు పిడికి టిబెట్ పద్ధతిలో తెల్లటి పట్టు కండువా కట్టి ఉంది. బంగ్లాదేశ్ ఆయన టోపీ చేత్తో పట్టుకుని ఆ తలుపుకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తలవంచాడు. లోపల ఆమెవాళ్ళెవరైనా ఉన్నారా అని మెల్లగా అడిగాడు.

నేనూ వెళ్ళి ఆయన పక్కన, తలుపుకు బయట నిలబడ్డాను. వరండా గాలికి కండువా కొస కదులుతోంది. ఆ తలుపుకే అవతలి వైపు, అల్మరాలో కొక్కేలకు, మా పిల్లల చలికోట్లు వేలాడుతున్నాయి.