మల్లవ్వ స్టవ్ పిన్ను

మల్లవ్వ పొద్దున లేవగానే చేసే మొదటి పని పంపు స్టవ్‌కు పిన్ను పెట్టడం. ముంబై కామాటిపుర పదకొండో గల్లీలో, వరుసగదుల చాల్‌లో, రెండో అంతస్తులో, నల్లా పక్క ఒంటిగది ఖోలీ ఆమెది. పుస్తెలతాడుకు పిన్నీసులతో పాటు వేలాడే చిన్న రేకు, దాని చివర వెంట్రుకంత తీగ. దాన్ని విప్పుకొని, స్టవ్‌ను ట్యూబ్‌లైటు కిందికి జరుపుకొని, బర్నర్ నడుమనున్న సూదిమొనంత బెజ్జంలో గుచ్చి తీసేది. మసి వేలిని కొంగుకు తుడుచుకునేది. స్టవ్‌కు ఒక దండం పెట్టి పంపు కొట్టేది. అది బుస్సుమని అందుకుంటే చాల్ అంతా, "మల్లవ్వ లేచింది, నల్లా వచ్చే వేళయింది" అనుకునేది.

ఇంట్లో సిలిండర్ వచ్చి ఇరవై ఏళ్ళయింది. కోడలు వంటంతా దాని మీదే. అయినా మల్లవ్వ ఆ స్టవ్‌ను ఇంట్లోంచి పోనివ్వలేదు. రేషన్‌లో కిరోసిన్ ఆగిపోయాక కూడా ఎవరెవరినో బతిమాలి గాసునూనె సీసా నింపుకునేది. ఏటా చలికాలంలో గల్లీ జనం ఇరవై ఇద్దరు పల్లకి ఎత్తుకొని షిర్డీకి నడిచిపోతారు. పంతొమ్మిదేళ్ళుగా వాళ్ళందరికీ తెల్లవారుజాము చాయ్ కాచింది ఆ స్టవ్వే. మొదటి గ్లాసు బాబా పల్లకి ముందు పెట్టాలి. అది పెట్టందే పల్లకి లేవదు. ఆ గ్లాసు పెట్టే చెయ్యి మల్లవ్వది. ఆమెకు వేరే ఆస్తి లేదు, వేరే పేరూ లేదు.

ఈ ఏడు కింది అంతస్తు కిష్టమ్మ కోడలు శీతల్ కొత్త పొయ్యి తెచ్చింది. ఆఫీసువాళ్ళతో కొండలెక్కే పిల్ల. అన్నం డబ్బా అంత పెట్టె, అందులో అడ్డంగా పట్టే గ్యాస్ డబ్బా. వరండాలో అందరి ముందూ పెట్టి చూపించింది.

"అవ్వా, జర సూడు. గాసునూనె లేదు, పంపు లేదు. గిట్ల తిప్పితే బస్!"

టిక్కుమంది. నీలి మంట పువ్వులా విచ్చుకుంది. అందరూ "అరే వా!" అన్నారు. యాత్ర పెద్ద శంకర్రావు మల్లవ్వ వైపు తిరిగాడు.

"మల్లవ్వా, ఈ యేడు చాయ్ పని శీతల్‌కు ఇద్దాం. నీ మోకాళ్ళకు ఆరాం దొరుకుతది."

"ఇయ్యి అన్నా, ఇయ్యి. పోరి పుణ్యం కట్టుకోనీ" అని నవ్వింది మల్లవ్వ. ఆ రాత్రి అన్నం సయించలేదు. పాత చీరలో స్టవ్‌నూ గాసునూనె సీసానూ మూటగట్టి సామాను టెంపోలో పెట్టించింది.

"గిదెందుకవ్వా మళ్ళ?" అన్నాడు టెంపో నడిపే పోచయ్య.

"అవి నా కాళ్ళనుకో. కాళ్ళిడిసిపెట్టి యాత్రకు పోతరా?"

దారిలో శీతల్ మంచిపనులే చేసింది, అదే వచ్చిన చిక్కు. భివండీ దగ్గర టెంపో ట్రాఫిక్‌లో చిక్కుకుంటే, వీపు సంచిలోంచి పొయ్యి తీసి, రోడ్డు పక్కనే పది నిమిషాల్లో అందరికీ గొంతు తడిపింది. మల్లవ్వ స్టవ్ అప్పుడు రెండు మైళ్ళ వెనక టెంపోలో ఉంది. "గాసునూనె వాసనే లేదు చాయ్‌కి!" అని ఎవరో అన్నారు. పంతొమ్మిదేళ్ళూ ఈ నోళ్ళు వాసన మింగి ఊరుకున్నాయా అని మల్లవ్వ వాళ్ళ గ్లాసుల వైపు గుర్రుగా చూసింది.

ఇక లోపాలు వెతకడమే పనిగా పెట్టుకుంది. పెద్ద గిన్నె పెట్టకూడదట, లోపలి డబ్బా వేడెక్కుతుందట. అందుకని చాయ్ నాలుగు విడతలు కాయాలి, చివరివాళ్ళు గ్లాసులు పట్టుకొని నిలబడాలి. "బొమ్మరిల్లు పొయ్యి" అని గొణిగింది. పైగా దానికి చప్పుడే లేదు. మొదటి పొద్దు బుస్సుమనే మోత లేక ఎవరికీ మెలకువ రాలేదు. మల్లవ్వకు మాత్రం ఎప్పటి వేళకే మెలకువైంది. దుప్పట్లోంచి అంతా చూస్తూ, ఒక్కర్నీ లేపకుండా పడుకుంది. ఎండెక్కాక అందరూ ఉరుకులు పెడుతుంటే లోలోపల సంతోషించింది, వెంటనే బాబా పటం వైపు చూడలేక తల తిప్పుకుంది.

మొదటి గ్లాసు పల్లకి ముందు పెడుతున్నదీ ఇప్పుడు శీతలే. ఆ పిల్ల చాయ్ తాగడం మల్లవ్వ వల్ల కాలేదు. "ఈసారి చాయ్ మొక్కిన. షిర్డీ చేరేదాంక ముట్ట" అని అబద్ధమాడింది. తలనొప్పి మొదలైంది. అయినా రోజూ తెల్లారేసరికి ఆమె పక్కన మూతపెట్టిన గ్లాసొకటి ఉండేది. మనసు మారి తాగాలనిపిస్తే చల్లారి ఉండకూడదని శీతల్ పెట్టిపోయేది. మల్లవ్వ దాన్ని పోచయ్యకు ఇచ్చేది. మూడోనాడు పోచయ్య చేతులు జోడించాడు.

"అవ్వా, రేపటిసంది జర చక్కెర ఎయ్యమను. నీ మొక్కు నాకు చేదయితున్నది."

మల్లవ్వ గతుక్కుమంది. తనకు షుగర్ ఉందని ఆ పిల్లకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పి ఉండరు, కనిపెట్టుకుని ఉంటుంది. అది తెలిశాక అసూయ తగ్గాల్సింది, ఇంకా పెరిగింది. మంచితనంలో కూడా ముందుకు పోతోందే అని.

ఆ ఉక్రోషంలో నాలుగు పొద్దులూ మూట విప్పలేదు. స్టవ్‌కు పిన్ను పెట్టలేదు. నాకెందుకులే అనుకుంది.

ఐదోనాడు కసారా ఘాట్ కొండదారి ఎక్కి, పైనున్న బడి వరండాలో పడుకున్నారు. తెల్లవారుతూనే గాలి కోసేస్తోంది. శీతల్ టిక్కుమనిపిస్తే మంట గోరంత లేచి, ఒక పక్కకు వంగిపోయింది. నీళ్ళు ఎంతకీ మరగడం లేదు.

"సలికి డబ్బా సల్లబడ్డదవ్వా. గ్యాస్ సరిగ వస్తలేదు" అంటూ శీతల్ ఇంకో డబ్బా తీసి స్వెటర్ లోపల దాచుకుంది, ఒంటి వేడికి వెచ్చబడుతుందని. పల్లకి మోసేవాళ్ళు చేతులకు సాక్సులు తొడుక్కొని నిలబడ్డారు. శంకర్రావు మల్లవ్వ వైపు చూశాడు.

మల్లవ్వ అడిగించుకోలేదు. "జరగుండ్రి" అంటూ మూట విప్పింది. గాలికి అడ్డంగా గోడమూలకు చేర్చి, గాసునూనె పోసి వెలిగించి, మోకాళ్ళు కలుక్కుమంటున్నా కూర్చొని పంపు కొట్టింది. ఆ బుస్సు కోసం ఇరవై ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

బుస్సుమనలేదు. పసుప్పచ్చగా మండి, పొగ వచ్చి ఆరిపోయింది. బెజ్జం మూసుకుపోయింది.

స్టవ్‌లోని గాలి వదిలి, పుస్తెలతాడుకున్న పిన్ను విప్పింది. గుచ్చింది, జారింది. మళ్ళీ గుచ్చింది, మళ్ళీ జారింది. ఎవరో ఫోన్ లైటు పట్టారు. వెలుగు పడేసరికి ఆమె కళ్ళకు బర్నర్ మొత్తం తెల్లటి మబ్బులో కలిసిపోయింది. ఇంట్లోనైతే ఏళ్ళ అలవాటుకు చెయ్యే దారి చూపేది. ఇక్కడ చలికి చేతికే దిక్కు తెలియడం లేదు.

శీతల్ వచ్చి పక్కన కూర్చుంది. తన శాలువ విప్పి రెండు చేతులతో గాలికి అడ్డంగా పట్టుకుంది. ఆమె సంచి పక్కన మూతపెట్టే ఆ గ్లాసు, రోజులాగే, ముందే కడిగి బోర్లించి ఉంది.

మల్లవ్వ చూపు దాని మీద పడింది. తర్వాత పిన్నును శీతల్ అరచేతిలో పెట్టి, ఎవరికీ వినపడకుండా అంది.

"బిడ్డా, నాకు ఆ బెజ్జం కానొస్తలేదు. రెండేండ్లాయె, ఎవ్వరికి చెప్పలే. కండ్లు సక్కగున్నయి నీకు, నువ్వు జర గుచ్చిపెట్టు. పంపు నేను కొడత. మొదటి గ్లాసు గూడ నేనే పెడత, గది మాత్రం అడగకు. రెండోది నాకే పొయ్యి. చక్కెర లేకుండ."