మా వదిన పెట్టిన సంతకం

మా వదిన పోయిన మంగళవారం ఉదయం ఆసుపత్రిలో కన్నుమూసింది. చర్చిలో ప్రార్థన ముగిశాక ఎవరో ఆమెను "పాపం, నోట్లో నాలుక లేని మనిషి" అన్నారు. ఆమెను ఎరగని మీరు కూడా అలా అనుకోకూడదనే ఇది రాస్తున్నాను.

వదిన ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివింది. ఆ క్లాసులో ఒక్కతే ఆడపిల్ల. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాకవరపాలెం రోడ్డులోని జీడిపప్పు ఫ్యాక్టరీలో ఇద్దరం పనిచేసేవాళ్లం, నేను ప్యాకింగ్‌లో, ఆమె మెయింటెనెన్స్‌లో. టెస్టర్ జడలో గుచ్చుకుని తిరిగేది. బల్బులు మార్చడం తప్ప ఆమెకు వేరే పని చెప్పేవారు కాదు.

ఆ వేసవిలో కవర్లు కోసే మిషన్ మొరాయించింది. కవర్ల రోలు మీద నల్లటి గుర్తులుంటాయి. సెన్సర్ ఆ గుర్తును చూసి, మిషన్‌ను నడిపించే కంట్రోలర్‌కు చెబితే కత్తి సరిగ్గా అక్కడే కోయాలి. అది అక్షరాల మధ్యలోంచి కోసేస్తోంది. బయటినుంచి వచ్చిన ఇంజనీరు కంట్రోలరే పోయిందన్నాడు. ఓనరు గారు మిషన్ తీసేసి ప్యాకింగ్ మూసేస్తామన్నారు. అంటే ప్యాకింగ్‌లో ఉన్న మా పదకొండుమంది ఆడవాళ్లకూ పని పోయినట్టే.

"మెల్లిగా తిప్పితే బాగానే కోస్తంది గదండీ. పోయిందైతే అప్పుడు మాత్రం ఎలా కోస్తాది?" అంది వదిన.

అది నీకు అర్థమయ్యే వస్తువు కాదన్నాడు ఇంజనీరు. వదిన మిషన్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం అడిగి తీసుకుంది. "మనిషి రాసిందే గదా, మనిషే సదవాలి" అనేది, ఇంటికి ఏ కాగితం వచ్చినా.

రెండు రోజులు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి సంగతి పట్టుకుంది. ఆ కంట్రోలర్‌కు బయటి వైర్లు వచ్చి కలిసే ఇన్‌పుట్లు రెండు రకాలున్నాయి. మామూలువి ఆగి ఆగి చూస్తాయి, వేగంగా వెళ్లే గుర్తు ఈలోగా దాటిపోతుంది. హైస్పీడువి గుర్తు కనబడిన క్షణాన్నే పట్టేస్తాయి. పాత రిపేరులో ఎవరో సెన్సర్ వైరును మామూలుదానికి కలిపేశారు. వదిన దాన్ని హైస్పీడు ఇన్‌పుట్‌కు మార్చి, సెట్టింగులో ఆ నంబరిచ్చి, గుర్తు నిజమో కాదో తేల్చుకోడానికి అది ఆగే ఫిల్టర్ టైము తగ్గించింది. మిషన్ వేస్తే కత్తి గుర్తు లేనిచోట కూడా టపటపా కొట్టింది. ఇంజనీరు నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

వదిన కంట్రోలర్ ఉన్న ప్యానెల్ పెట్టె దగ్గర్నుంచి కదల్లేదు. సెన్సర్ వైరు మోటారు వైరును ఆనుకుని రావడంతో దాని కరెంటు ఇందులో దొంగ గుర్తులు పుట్టిస్తోందని గమనించి, దాన్ని పీకేసి చుట్టూ లోహపు అల్లిక, అంటే షీల్డు, ఉన్న వైరు దూరంగా తిప్పి లాగింది. షీల్డును ఒక కొసనే ఎర్త్ చేసింది. ఈసారి మిషన్ పూర్తి స్పీడులో తిరిగినా కవర్లన్నీ ఒక్కతీరుగా తెగి పడ్డాయి.

రిపేర్ల రిజిస్టరులో ఇంజనీరు సంతకం చేస్తాడన్నారు ఓనరు గారు. వదిన పెన్ను వదల్లేదు.

"సేసినోళ్లే సంతకం ఎట్టాలండీ."

పెట్టింది, ఇంటిపేరుతో సహా. ఆ తర్వాత ప్యానెల్ తలుపు మూయకుండా మమ్మల్నందరినీ పిలిచింది. "రండి, సూడండి. రోజూ మీరు నడిపే మిషనే గదా."

చేతులు వెనక్కి పెట్టుకుని వంగి చూశాం. లోపల ఆవగింజంత ఆకుపచ్చ లైటు, ఒక్కో గుర్తుకు ఒక్కోసారి వెలుగుతూ ఉంది.