ఓబులేసు తాత రోత

కళ్యాణదుర్గం రోడ్డులో లేత్ షెడ్డు నడిపే ఓబులేసు తాతకు ప్రతిదీ రోతే. వాసన చూడనిదే టీ గ్లాసును పెదవికి ఆనించడు; పక్కన ఎవరైనా తుమ్మితే వాళ్ల వంశాన్నంతా తిడతాడు. అలాంటి మనిషికి ఆ కరువు వేసవి భలే శిక్ష వేసింది. ఇనుము కోసేటప్పుడు కాక తగ్గడానికి పోసే నూనెనీళ్లను మార్చేందుకు చుక్క నీరు దొరక్క, లేత్ కింది తొట్టి కుళ్లి, మీగడ కట్టి, చచ్చిన ఎలుక కంపు కొడుతోంది. అప్పుడే పక్క ఊరి ఆంజి తమ బోరు మోటారులో విరిగిన షాఫ్టు కడ్డీ తెచ్చి, అలాంటిదే కొత్తది కోసిమ్మన్నాడు. "ఊర్లో తాగను నీళ్లు లేవు తాతా. ఈ పొద్దే కావాల."

"మీ దప్పి తీరేలోగా నేను ఈ కంపుకు చస్తానప్పా!" అంటూనే తాత ముక్కుకు తువ్వాలు చుట్టి లేత్ తిప్పాడు. పని సగంలో తువ్వాలు జారింది, తొట్టిలోని ఆ కుళ్లు నీళ్లు ఎగిరి నోట్లో పడ్డాయి. బయటికి పరుగెత్తి కక్కుకున్నాడు. ఆంజిని, వాడి బోరును, వాన దేవుణ్ణి తిట్టి, మళ్లీ వచ్చి షాఫ్టు పూర్తిచేశాడు.

మరునాడు ఆంజి బోరునీళ్లు రెండు బిందెలు తెచ్చాడు. "నీళ్లు వచ్చినాయి తాతా! ఇవి పోసుకో, నీ కంపు మా ఊరిదాకా వస్తాండాది."

తాత తన చేతులు వాసన చూసుకుని మొహం చిట్లించాడు. తర్వాత బిందెలు రెండూ లేత్ దగ్గరికి ఈడ్చుకెళ్లి చీపురు అందుకున్నాడు.

"రేపు ఇంకో ఊరోడు షాఫ్టు తెస్తాడు. ముందు దీనికి తలకు పోయనీప్పా."